పిడికిట్లో వెండి దేవత

మొన్న టొరంటోలో మ్యూజియం చూడడానికి వెళ్లినప్పుడు, అద్దం వెనక మన పాత పావలా కాసంత వెండి నాణెం మీద, చంకలో ఒక బిడ్డతో, చెరోపక్కా ఒక్కో బిడ్డతో నిలబడ్డ ఒక స్త్రీమూర్తి కనిపించి నన్ను అక్కడే ఆపేసింది.

మన పిల్లలు చదువులకని విమానాల నిండా కెనడాకు దిగుతున్న ఆ ఏళ్లలో, టొరంటోకి దగ్గర్లోని కిచెనర్ ఊళ్లో మా ఇంటి బేస్‌మెంట్‌లో ముగ్గురు అమ్మాయిలు అద్దెకుండేవారు. నేను పొద్దుపోక ఒక పాత నాణేల దుకాణంలో పనికి వెళ్లేదాన్ని. ట్రేల నిండా రోమ్ రాణులు, దేవతలు. నాణేల మీది లాటిన్ అక్షరాలు నాకు కొరుకుడు పడక, రాణులను కొప్పులను బట్టి ఆనవాలు పట్టేదాన్ని. నడినెత్తిన చుట్టుకున్నావిడ తల్లి, మెడ మీదికి జార్చుకున్నావిడ కూతురు. ఆ కూతురి నాణేనికి వెనకవైపున్నది ఈ బిడ్డల తల్లే, జూనో, పురుళ్లు కాచే దేవత.

అద్దెకున్న వాళ్లలో ఖమ్మం అమ్మాయికి అప్పటికి నెలలు నిండుతున్నాయి. భర్త వీసా ఇంకా తేలలేదు. తల్లికీ రాదని తెలిసిన రోజు మెట్లెక్కి వచ్చి నా వంటింట్లో కూర్చుంది.

“అమ్మది రిజెక్ట్ అయింది ఆంటీ. హాస్పిటల్లో నాతో లోపలికి మీరొస్తారా?”

వస్తానన్నాను. కానీ నాకు పిల్లల్లేరు, పురుడంటే ఏమిటో తెలియని నేను ఏం ధైర్యం చెప్పగలనని దిగులు. ఆ మాటే దుకాణంలో అంటే, ముక్తసరిగా మాట్లాడే మా యజమానురాలు ఆ జూనో నాణెం తీసి నా చేతిలో పెట్టింది.

“ఆ అమ్మాయిని పట్టుకోమను. అయ్యాక తెచ్చిపెట్టు,” అంది తన ఇంగ్లీషులో.

మంచు కురుస్తున్న ఒక మధ్యాహ్నం మొదలైన నొప్పులు ఎంతకీ తెమలలేదు. బిడ్డ గుండె నెమ్మదిస్తోందని నర్సులు హడావిడి పడుతుంటే, ఆ అమ్మాయి ఒక చేత్తో నన్నూ, రెండో చేత్తో నాణేన్నీ బిగించి పట్టుకుని అమ్మను పిలుస్తుంటే, నాకు తెలిసిన దేవుళ్లందరితోపాటు ఆ పరాయి దేవతకూ మొక్కుకున్నాను. ఆడపిల్ల పుట్టింది. ఖమ్మం అమ్మాయి పిడికిలి విప్పి చూస్తే అరచేతిలో నాణెం అంచు ఎర్రగా అచ్చుపడి ఉంది.

తిరిగిచ్చినప్పుడు యజమానురాలు “ఇద్దరూ బాగున్నారా?” అని మాత్రం అడిగి, దాన్ని తుడిచి ట్రేలో పెట్టేసింది. కొన్నాళ్లకే ఎవరో కొనుక్కున్నారు. పొట్లం కట్టింది నేనే. ఇచ్చేటప్పుడు చెయ్యి కాస్త వెనకాడింది.

ఇప్పుడా దుకాణం లేదు. ఖమ్మం అమ్మాయి భర్తతో, కూతురితో కాల్గరీలో సొంతింట్లో ఉంది. పాప ఫోన్లో నాకు స్కూలు కబుర్లన్నీ ఇంగ్లీషులో చెబుతుంది. మా బేస్‌మెంట్‌కి పిల్లలు రావడం తగ్గింది, వచ్చినవాళ్లు కూడా ముందు మెసేజ్ పెట్టిగాని పైకి రారు. మర్యాదస్తులే, తప్పు పట్టను. కానీ ఉప్పు నిండుకున్నా, ఏడుపొచ్చినా తలుపు తట్టకుండా దబదబా మెట్లెక్కి వచ్చేసే ఆ అడుగుల చప్పుడు కోసం, పొయ్యి దగ్గర నిలబడ్డప్పుడు ఇప్పటికీ చెవి ఒగ్గుతుంటాను.