అత్త నవ్వు ముందొచ్చిన నాటకం

ఆ రోజుల్లో నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఏమిటో చెబితే మా పిల్లలు ఇప్పటికీ నమ్మరు. మా అత్త చెవిలో గుసగుసలాడడం. జీతం సర్కారుది! డిగ్రీ తప్పి (ఒక్క ఇంగ్లీషేలెండి, మిగతావి అడక్కండి) పలాస స్టేషన్లో వచ్చే పోయే రైళ్లకి కాపలా కాస్తున్న నన్ను పెసిడెంటు మావ పిలిపించాడు. ఊరందరికీ ఆయన మావే. ఆయనకో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది, నాటక సంఘం ఉంది, ప్రతి నాటకంలోనూ మహారాజు వేషం ఉంది. వికలాంగులకి కూడా నాటకం అందేలా ఏర్పాట్లు చేస్తే ప్రభుత్వం డబ్బిస్తుందని ఎవరో చెబితే దరఖాస్తు పెట్టాడు, వచ్చేసింది. చక్రాల కుర్చీ ఎక్కడానికని స్టేజీకి వాలుగా ఓ చెక్కబల్ల వేయించి, మిగిలినదాంతో తన కిరీటానికి కొత్త తళుకులు కొట్టించాడు. "కళ్లు లేనోలకి పక్కన మనిషిని కూకోబెట్టి కత సెప్పిస్తామని రాసీసినాం రా. ఆ మనిషివి నువ్వే. కళ్లు లేనోలని తెచ్చీదీ నువ్వే. ఆఫీసరు సూడ్డానికొత్తన్నాడు, బేగెల్లు!" అన్నాడు.

జలంత్రకోట బస్సెక్కాను. అక్కడ మా పెద్దత్త ఉంది. చిన్నప్పుడే చూపు పోయింది గానీ నోటికి మాత్రం ఏ జబ్బూ రాలేదు. కొబ్బరితాడు పేనుతూ అంతా విని, "నాను రాన్రా" అంది. ఒకప్పుడు నాటకమంటే చెవి కోసుకునేదట. "జనమంతా నవ్వుతారు. ఏటైందని అడిగితే మీ మావయ్య 'తర్వాత సెప్తాను' అనీవోడు. ఇంటికొచ్చి సెప్తే నట్టింట్లో ఒక్కదాన్నీ కూకుని నవ్వాలా? సిగ్గు కాదేటి?" అందుకే మానేసిందట. కాళ్లావేళ్లా పడ్డాను. చివరికి మెత్తబడింది. "నవ్వొచ్చీ ముక్క బేగి సెప్పాల. జనంతోపాటు నవ్వాల నాను. లేదంటే లేచెల్లిపోతాను, మీ ఆఫీసరుతో సెప్పీసి మరీ!"

తీరా నాటకం రోజున మమ్మల్ని కూర్చోబెట్టింది స్టేజీ పక్కన, చెక్కబల్ల వెనకాల మూలకి. (ముందు వరసలన్నీ జీడిపప్పు వ్యాపారులవి.) అక్కణ్ణుంచి రాజుగారి వీపు, సింహాసనం వెనకభాగం తప్ప ఏదీ సరిగా కనబడదు. విదూషకుడు జారిపడ్డాడు, పందిరంతా గొల్లున నవ్వింది. నేను పుస్తకం భాషలో "విదూషకుడు, అనగా హాస్యపాత్రధారి..." అంటూండగానే నవ్వు కాస్తా అయిపోయింది. అత్త మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. "సచ్చినోడా, బస్సెల్లిపోయాక సెయ్యెత్తుతావేటి?" రెండోసారీ అంతే. అత్త చేతికర్ర వెతుక్కోవడం మొదలెట్టింది.

అంతలో రాజుగారి కొడుకు యుద్ధంలో పోయాడు. మావ సింహాసనం మీద కూలబడి పద్యం ఎత్తుకున్నాడు. ఆ సింహాసనం ఏమిటనుకున్నారు? ఆయన ఫ్యాక్టరీ ఖాళీ డబ్బాలే. ఒకదానిమీదొకటి పేర్చి, వాళ్లావిడ పట్టుచీర ముందువైపు కప్పారు. వెనకనించి చూస్తున్న నాకు మాత్రం, రాగం సాగేకొద్దీ ఓ డబ్బా పక్కకి జరగడం కనిపిస్తోంది. "అత్తా, మావ కింద డబ్బా జారతంది!" తెలియకుండానే నోట్లోంచి మా ఊరి మాట వచ్చేసింది. "ఇంకొంచెం జారింది... ఓలమ్మో, ఇంకా రాగం తీత్తన్నాడే!" అత్త కిసుక్కుమంది. తర్వాత పగలబడి నవ్వింది. పందిట్లో ఆడవాళ్లంతా ముక్కులు చీదుకుంటుంటే మా అత్త ఒక్కతే విరగబడి నవ్వు! జనం ఇటు తిరిగారు. ఆఫీసరూ తిరిగాడు. మావ పద్యం ఆపకుండానే కళ్లెర్రజేసి మా వైపు తిరిగాడు. ఆ తిరగడంతో దభేల్!

అప్పుడు నవ్వింది పందిరి. అత్త పైటతో కళ్లు తుడుచుకుని, "ఇప్పుడా నవ్వుతారు ఈలు? తెలివి తక్కువోలు!" అంది. ఆ మొహం అంత వెలిగిపోవడం నేను అంతకుముందెన్నడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మర్నాడే నా ఉద్యోగం ఊడింది. సర్కారు డబ్బు మాత్రం పై ఏడూ వచ్చింది, మావ దాంతో ముందుగా ఓ గట్టి కుర్చీ కొన్నాడు.

ఇప్పుడు అత్త లేదు. నాకు యాభై దగ్గర పడ్డాయి, చెవులు మొరాయిస్తున్నాయి. టీవీ ముందు ఇంటిల్లిపాదీ నవ్వుతారు. "ఏటన్నాడే?" అంటే మా అమ్మాయి "తర్వాత చెప్తా నాన్నా" అంటుంది. "బేగి సెప్పవే" అని గదమాయిస్తాను, ఎవరు వింటారు? అందుకని ఈమధ్య అందరికంటే ముందే ఓ నవ్వు నవ్వేసి కూర్చుంటున్నాను. ఒక్కోసారి అది చావు సీను అవుతోంది.