మా వదిన తొట్టిబండి

మా అన్నయ్య ఉద్యోగం ఏమిటో చెబితే ముందు ఎవరైనా నవ్వుతారు. జలాశయంలో ఒక కొలబద్ద పాతి ఉంటుంది. రోజూ పొద్దున ఎనిమిదింటికి వెళ్లి, దాని మీద నీళ్లు ఏ గీత దాకా ఉన్నాయో చూసి, పుస్తకంలో రాసి, ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పాలి. “చూసి రావడానికి కూడా జీతమిస్తారా?” అంటారు.

అలా అనేవాళ్లు ఒక్కసారి ఆ కొలబద్ద దాకా వెళ్లి రావాలి. ఒడ్డు నుంచి మూడు వందల గజాలు మోకాటి లోతు బురద. ఆపైన ఇంకో రెండు వందల గజాలు నీళ్లు. పడవ బురదలో కదలదు, మనిషి నీళ్లలో నడవలేడు. ఇరవై రెండేళ్లు అన్నయ్య బురదలో నడిచి, నీళ్ల అంచున గుంజకి కట్టిన చిన్న పడవ ఎక్కి, తెడ్డు వేసుకుంటూ వెళ్లి వచ్చాడు. ఇరవై మూడో ఏట బురదలో దిగబడిన కాలు మెలిపడి, మోకాలి చిప్ప జారింది. మూడు నెలలు మంచం. లేచాక డాక్టరు, “నడవండి కానీ బురద జోలికి మాత్రం వెళ్లొద్దు” అన్నాడు. ఆఫీసువాళ్లు మంచివాళ్లే, గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడతామన్నారు.

అన్నయ్య సరేనని ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. కానీ గోడ గడియారం ఎనిమిది కొట్టేసరికి తల అటు తిప్పేసుకునేవాడు. ఆయన బదులు వేసిన మనిషి ఒడ్డునే నిలబడి, కళ్లు చికిలించి చూసి, తోచిన అంకె రాసి పోతున్నాడని తెలిసినరోజు అన్నం సగంలో వదిలేసి లేచాడు.

“నీళ్లకి అబద్ధం అంటగడుతున్నార్రా,” అన్నాడు నాతో.

ఆ మాట వదిన వంటింట్లోంచి వింది.

మా వదిన బస్సులకీ లారీలకీ సీటు కవర్లు కుడుతుంది. ఆవిడ దుకాణం రెండు మంచాలు పట్టేంత గది. గోడ పొడుగునా రెక్సిన్ చుట్టలు, మూల స్పాంజి ముక్కల గుట్ట, మధ్యలో రెండు పెద్ద కుట్టుమిషన్లు. మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతూ ఉంటుంది. ఇంజన్ల గురించి అప్పట్లో ఆవిడకి తెలిసిందల్లా, డ్రైవరు సీటు కొలుస్తుంటే కింద వేడిగా తగులుతుందని మాత్రమే.

ఆ వారంలోనే మూతపడిన ఒక చేపల ఫారానికి పాత టార్పాలిన్లు కొనడానికి వెళ్తూ నన్ను తోడు తీసుకెళ్లింది. నేను రంగుల దుకాణంలో గుమాస్తాని, ఆదివారం ఖాళీయే. టార్పాలిన్ లాగితే దానికింద అది ఉంది. స్నానాల తొట్టిలాంటి ప్లాస్టిక్ ఒళ్లు, అటు మూడు ఇటు మూడు లావుపాటి బుడగ చక్రాలు, స్టీరింగు లేదు, రెండు ఇనుప కర్రలు.

“ఇదేంటండీ, తొట్టికి చక్రాలు పెట్టారు?” అంది వదిన.

“నేల మీద నడుస్తుంది, బురదలో నడుస్తుంది, నీళ్లలో తేలుతుందమ్మా,” అన్నాడు ఫారం మేనేజరు. “తెడ్డు అక్కర్లేదు. చక్రాలే నీళ్లు తోసుకుంటూ పోతాయి. ఎడమ కర్ర లాగితే ఎడమ పక్క చక్రాలు ఆగుతాయి, బండి ఎడమకి తిరుగుతుంది. అంతే.”

వదిన నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. కూతురి పెళ్లి సంబంధం ఖాయం చేసిన రోజూ అలాగే చూసింది.

“వదినా, ఆలోచించు. ఏనుగుని కొంటే సరిపోదు, మేపాలి,” అన్నాను.

“మేపుదాం,” అంది.

బండిని అరగంట పరీక్షించింది. ఏం చూసిందయ్యా అంటే, సీటు చూసింది. కుట్లు లాగి చూసింది, స్పాంజి నొక్కి చూసింది. “దారం మంచిదే వేశారు,” అని తృప్తి పడింది. అడుగుభాగం వంగి చూడాలని ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు. ఇంజను ఒక్క తాడు లాగుడికే అందుకుందని ఇద్దరం మురిసిపోయాం. మేము వచ్చేముందే మేనేజరు ఇంకో బేరానికి నడిపి చూపించడంతో అది వేడిగా ఉందని మర్నాడు చల్లటి ఇంజన్ని పద్దెనిమిది సార్లు లాగాక తెలిసింది. రెండో కుట్టుమిషను అమ్మేసి తెచ్చిన బండి అది.

వీధి వీధంతా వచ్చి చూసింది. “స్నానానికి ఊరేగింపా?” అన్నారొకరు. తొట్టిబండి అన్న పేరు ఆరోజే పడింది. అన్నయ్య అరుగు మీంచి దిగలేదు. “నీకు మతి పోయిందా?” అని మాత్రం అన్నాడు.

“పోతే పోయింది లెండి, ఇంట్లో ఇంకా మీది ఉందిగా,” అంది వదిన.

చక్రాలు మెత్తగా ఉన్నాయని టైర్ల షాపువాడు గట్టిగా గాలి కొట్టాడు. దాంతో బండి ప్రతి గతుకు దగ్గరా మేకపిల్లలా గెంతి నన్నొకసారి కిందపడేసింది. ఆ టైర్లు చేత్తో నొక్కితే లోపలికి పోయేంత మెత్తగానే ఉండాలట. అది తెలిశాక గాలి తీశాం. అయినా బండి ఎడమకే లాగుతోంది. వదిన మెడలోని టేపు తీసి, ఆరు చక్రాల చుట్టుకొలతా తీసుకుంది. ఎడమవైపు వెనక చక్రం మిగతావాటికంటే రెండంగుళాలు తక్కువ.

“ఒక చెయ్యి పొట్టిగా కుట్టిన చొక్కా తొడుక్కుంటే మనిషి వంకరగా కనబడడూ? ఇదీ అంతే,” అంది. ఆ చక్రంలో కొంచెం కొంచెంగా గాలి ఎక్కించి, కొలత కలిసేదాకా టేపు పట్టుకునే కూర్చుంది. బండి తిన్నగా నడిచింది.

మొదటిసారి నీళ్లలోకి దించింది మరుసటి ఆదివారం. నేను పక్కన కూర్చున్నాను. అన్నయ్య కర్ర పట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు. బురద దాటాం. నిజంగానే దాటాం! నా జన్మలో చూడని వింత అది. మనిషిని మింగే బురద మీద బండి బాతులా నడిచిపోయింది. నీళ్లలోకి దిగి తేలింది కూడా. పది గజాలు పోయామో లేదో, వదిన నెమ్మదిగా అంది:

“మరిదీ, నా చెప్పులు తేలుతున్నాయి.”

తొట్టి అడుగున నీళ్లు వదలడానికి రెండు కన్నాలుంటాయి, వాటికి బిరడాలుంటాయి. ముందురోజు బండి కడిగి, నీళ్లు పోవడానికని ఆ బిరడాలు తీసింది ఆవిడే. అవి ఇంట్లో కిటికీలో భద్రంగా ఉన్నాయి. నడుంలోతు నీళ్లలో దిగి బురద దాకా తోసుకొచ్చి, అక్కణ్ణుంచి ఒడ్డుకి నడుపుకొచ్చాం. ఒడ్డున అన్నయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. కాలు దెబ్బతిన్నాక ఆయన అలా నవ్వడం అదే మొదలు. వదిన తడిసిన చీర పిండుకుంటూ, “నవ్వండి, నవ్వండి,” అంది కానీ, ఆవిడ మొహంలో కోపం లేదు.

బిరడాలు పెట్టినా నీళ్లు వస్తూనే ఉన్నాయి. పక్కకి దొర్లించి చూస్తే అడుగున జానెడు పగులు. ఇది నా విద్య అనుకున్నాను. మా దుకాణంలోని మేలురకం అతుకుమందు తెచ్చి, గుడ్డ పరిచి, రెండు పూతలు పూశాను. ఎండాక రాయిలా ఉంది. నీళ్లలో దిగిన రెండో రోజుకి పాత గోడ సున్నంలా పెచ్చుగా ఊడి చేతికొచ్చింది. వదిన ఆ పెచ్చు తీసుకెళ్లి చెత్తబుట్టలో వేసింది. తిట్టినా బాగుండేది.

అప్పుడు దొరికాడు ట్యాంకుల తాత. మేడల మీద నల్లటి నీళ్ల ట్యాంకులు పగిలితే అతికే ముసలాయన. పగులు మీద గోరుతో గీకి చూశాడు.

“ఈ ప్లాస్టిక్కుకి జిగురంటే గిట్టదమ్మా. దీన్ని దీంతోనే అతకాలి. పగులు కరిగించాలి, అదే జాతి ముక్క కరిగించి అందులో నింపాలి.”

“మీరు అతికిపెడతారా?”

“అతుకుతా. మళ్లీ పగిలితే మళ్లీ నాకోసం వెతుక్కుంటావు. నేర్చుకుంటావా?”

నేర్చుకుంది. పగిలిన ట్యాంకు ముక్కలు తెచ్చుకుని దుకాణం వెనక వేడిగాలి యంత్రంతో కూర్చునేది. మొదటి మూడు ముక్కలు మాడిపోయాయి. నాలుగోది పైన అతికి లోపల బోలుగా ఉంది. ఏడో ముక్కని తాత రెండు చేతులా పట్టుకుని మెలితిప్పాడు. అతుకు పక్కన విరిగింది కానీ అతుకు విరగలేదు.

“చేతిలో పనితనం ఉందమ్మా,” అన్నాడాయన. ఆయన నోట మెచ్చుకోలు రావడం అరుదని తర్వాత తెలిసింది.

పగులు పోయింది, ఇరుసుల దగ్గర చెమ్మ మిగిలింది. చక్రాల ఇరుసులు తొట్టి గోడలోంచి బయటికొచ్చే చోట బేరింగులుంటాయి. వాటి రబ్బరు వాషర్లు ఎప్పుడో అరిగిపోయాయి. ఆరు ఇరుసులూ ఊడదీయాలి. సలహా కోసం వెళ్తే ట్రాక్టరు మెకానిక్కు, “ఈ గ్రీజు గొడవ మీకెందుకమ్మా?” అన్నాడు.

“ముప్పై ఏళ్లుగా మిషనుకి నూనె పోస్తున్నా. ఇది కాస్త గట్టిపడ్డ నూనె, అంతేగా?” అంది వదిన.

అతను నవ్వేసి చూపించాడు. ప్రతి బేరింగు దగ్గరా గ్రీజు ఎక్కించే చిన్న మూతి బిగించడం, పాత గ్రీజు బయటికొచ్చి కొత్తది కనబడేదాకా ఎక్కించడం. అక్కడ గ్రీజు నిండుగా ఉంటే నీళ్లకి చోటుండదు. విప్పిన ప్రతి భాగాన్నీ వదిన ఒక్కో గుడ్డసంచిలో వేసి, సుద్దముక్కతో గుర్తు రాసి, వరసగా మేకులకి తగిలించింది. బిగించడం పూర్తయ్యేసరికి ఒక్క నట్టు మిగల్లేదు. ఆ మెకానిక్కు తన దుకాణంలో కూడా ఇప్పుడు అలాగే సంచులు తగిలిస్తున్నాడు.

ఇక మార్పులు మొదలుపెట్టింది. సీట్ల కింద నీళ్లు పీల్చని గట్టి స్పాంజి దిమ్మలు బిగించింది, నిండా నీళ్లొచ్చినా మునిగిపోకుండా. అన్నయ్య కాలు చాచుకునేలా పక్కసీటు కోసి, మోకాలి కింద దిండు కుట్టింది. ఎండకి పైన గుడారం కూడా వేసింది. కానీ మొదటి గాలికే అది తెరచాపలా పొంగి బండిని గిర్రున వెనక్కి తిప్పేసింది. ఆ సాయంత్రమే పీకి పారేసి, అన్నయ్యకి టోపీ కొనిచ్చింది.

నాలుగు నెలల తర్వాత ఒకరోజు పొద్దున ఎనిమిదింటికి అన్నయ్య కొలబద్ద ముందుకెళ్లాడు. బండి ఆపగానే వెంటనే చదవలేదు. చెయ్యి చాచి, పాచి పట్టిన ఆ ఇనుప పలకని కాసేపు తడిమాడట. తర్వాత అంకె చదివి, రాసి, “ఒడ్డునుంచి రాసింది ఒకటిన్నర అడుగు తప్పు,” అన్నాడట. ఇది వదిన చెప్పిందే. చెబుతూ అటు తిరిగి దారం ఎక్కించుకోసాగింది.

అయినా అసలు పరీక్ష వానాకాలంలో వచ్చింది. పైనుంచి వరద వస్తోందని, రోజుకి నాలుగుసార్లు కొలత తెచ్చిపెట్టమని ఆఫీసువాళ్లు అన్నయ్యనే అడిగారు. రెండో రోజు మధ్యాహ్నం, నీళ్ల నడుమ, టక్కున ఏదో తెగింది. కుడివైపు చక్రాలు ఆగిపోయాయి. బండి గానుగెద్దులా ఉన్నచోటే తిరగడం మొదలుపెట్టింది. ఆ చక్రాలని తిప్పే లోపలి గొలుసు తెగి ఊడిందన్నమాట. వదిన ఇంజను ఆపేసి, నేలపలక తీసి, మోచేతుల దాకా నూనెలో చేతులు పెట్టింది. గాలికి బండి పక్కకి కొట్టుకుపోతోంది. అన్నయ్య కొక్కెం కర్ర చాచి కొలబద్ద గుంజని పట్టుకున్నాడు.

“ఎంతసేపు పట్టమంటావు?”

“తెగిన గొలుసుకి కొత్త లింకు వేస్తున్నా. వానలో తడుస్తున్నారని తొందరపెట్టకండి.”

“తొందరేం లేదు. ఈలోగా కొలత చదువుతా.”

పావుగంట పట్టింది. ఆ కొలత ఆఫీసుకి సరిగ్గా సమయానికే చేరింది.

వరద తగ్గాక పెద్ద ఇంజనీరమ్మ వచ్చింది. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, “ఇది ఎవరు తయారుచేశారు?” అని అడిగింది.

“తయారైందేనండీ. చెడిపోయినవి బాగుచేశా, కుదరనివి మార్చా,” అంది వదిన.

“నన్ను తీసుకెళ్తారా?”

తీసుకెళ్లింది. ఇంజనీరమ్మ అటు వెళ్లేటప్పుడు అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. వచ్చేటప్పుడు కర్రలు తను పట్టుకుని నడుపుతానంది. దిగాక మాత్రం గట్టిగానే చెప్పింది: “లైఫ్ జాకెట్లు లేకుండా మళ్లీ ఎక్కారో, నేనే ఆపించేస్తా.” మర్నాడే రెండు జాకెట్లు వచ్చాయి, వాటితో పాటే కాగితం మీద అనుమతీ వచ్చింది. పొద్దుటి కొలత పని మళ్లీ అన్నయ్యదే అయింది. బండి నడిపే మనిషిగా వదిన పేరు కూడా ఆ కాగితంలో రాశారు.

ఇది జరిగి మూడేళ్లు. తొట్టిబండ్లు చుట్టుపక్కల ఇంకా చాలానే ఉన్నాయని, వాటిలో సగం ఎవరికీ బాగుచేయడం రాక మూలపడి ఉన్నాయని ఆ తర్వాతే తెలిసింది. ఒక్కొక్కటే వదిన దుకాణం ముందుకి వస్తున్నాయి. సీటు కవర్లు ఇప్పటికీ కుడుతుంది, కానీ బస్సులవాళ్లు వారం ముందు చెప్పాలి.

ఇవాళ మధ్యాహ్నం నేను వెళ్లేసరికి ఎనిమిది చక్రాల బండి ఒకటి పక్కకి పడుకోబెట్టి ఉంది. ట్యాంకుల తాత స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. వదిన పగులు కరిగిస్తోంది, కళ్లు దాని మీదే ఉన్నాయి. అన్నయ్య భోజనం క్యారేజీ తెచ్చి, బల్ల మీద పెట్టడానికి చోటులేక, గ్రీజు డబ్బాలు పక్కకి జరుపుతున్నాడు.

“చల్లారిపోతుంది, రావే,” అన్నాడు.

“ఇదీ చల్లారిపోతుందండీ. మీరు కూర్చోండి, వస్తున్నా,” అంది వదిన.

అన్నయ్య వెళ్లి తాత పక్కన కూర్చున్నాడు.