తపసి బంక పొడికి జరిగిన పరీక్ష

అరవైల మొదట్లో గూడూరులో ఒక పళ్ల డాక్టరు, కట్టుడు పళ్లను చిగుళ్లకు పట్టి ఉంచే పొడిని కనిపెట్టానని ప్రకటించుకున్నాడు. తపసి చెట్టు బంక నూరి, కాస్త కర్పూరం కలిపాడు; అందులో కనిపెట్టడానికి ఏముందో నాకు ఇప్పటికీ బోధపడదు. కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేవాణ్ణి కనక నా సంతకం ఆయన కరపత్రానికి కావలసివచ్చింది. పరీక్ష చూడనిదే చెయ్యనన్నాను.

ఆయన పరీక్ష ఇదీ: రోగిని కుర్చీలో కూర్చోబెట్టి, పళ్లకు పొడి రాసి బిగించి, "పట్టిందా?" అని అడగటం. డాక్టరు వేలు నోట్లో ఉండగా పట్టలేదనే మనిషి మా జిల్లాలో పుట్టలేదు. మళ్లీ రానివాళ్లందరినీ గుణం కనిపించినవాళ్ల కింద రాసుకున్నాడు.

"గుణం లేకనే రాలేదేమో?" అన్నాను.

"లేకుంటే తిట్టేదానికైనా వచ్చుంటారు గదా!"

ఆయన జాబితాలోని కొందరి ఇళ్లకు వెళ్లాను. మనుబోలు దగ్గర ఒక పెద్దావిడ అన్నం తింటోంది. పళ్లు పక్కన వక్కాకు సంచిలో ఉన్నాయి.

"అయి పెట్టుకోని ఎట్ట తినేది నాయనా? డాక్టరు గారి కాడికి పొయ్యేటప్పుడు పెట్టుకుంటా."

"మరి బాగా పట్టిందన్నారే?"

"అంత పెద్దాయన అడిగితే లేదంటే బాగుంటదా?"

వెళ్లిన ప్రతి ఇంటా ఇదే వరస. నమలని పళ్ల మీద జిగురుకు గొప్ప విజయం లభించింది.

పళ్లు తీసి పని చేసుకోలేనివాడు ఒక్కడే: నాదస్వరం వాయించే సాయిబు. పైపళ్లన్నీ పోయాయి. శుక్రవారం పెళ్లిమేళం ఉంది. అప్పటికి వాయించలేకపోతే మేళంలో ఆయన చోట తమ్ముడు ముందు నిలబడతాడు, ఇక ఎప్పటికీ నిలబడతాడు. పొడి రాసి పళ్లు బిగించాక ఆయనను డాక్టరు ఎదుటే వాయించమన్నాను. ఆలాపన సాగుతుంటే డాక్టరు నా వంక గర్వంగా చూశాడు. పై షడ్జం దగ్గర పళ్లు జారాయి. స్వరం పోయి ఉత్త గాలి మిగిలింది.

"అంత గట్టిగా ఊదితే ఏ మందు ఆగుతాదయ్యా?"

"మెల్లిగా ఊదేదానికి ఇది పిల్లనగ్రోవా సార్? ఇంకొంచెం పొడి పెట్టండి."

డాక్టరు పెట్టాడు. ఈసారి ఇంకా ముందే జారాయి. డాక్టరు కలం తీసి సాయిబు పేరు కొట్టేశాడు. "వాయిద్యగాళ్లు ఈ పరీక్షలోకి రారు" అన్నాడు. నేను సంతకం చెయ్యకుండా లేచాను. పట్టనివారు ఒక్కరూ లేరని కరపత్రం మాత్రం అచ్చయింది. కొట్టేశాక ఎందుకుంటారు?

సాయిబు నాతో వీధిలోకి వచ్చాడు.

"శుక్రవారానికి ఇంకేదన్నా ఉందా సార్? చదువుకున్నోళ్లు మీరు."

నా చదువు ఆ పొడి పనికిరాదని తేల్చడం వరకే వచ్చింది. లేదన్నాను.

ఆ పెళ్లికి నేనూ వెళ్లాను. తమ్ముడు ముందు నిలబడి వాయించాడు. సాయిబు వెనక కూర్చొని శ్రుతిపెట్టె ఆడిస్తున్నాడు. పళ్లు పెట్టుకొనే వచ్చాడు. మూసిన నోట్లో అవి కదలలేదు.