తాతయ్య తిప్పిన ఆర్కిడ్

భూమ్మీద మొట్టమొదటి ఆర్కిడ్ పూసే ముందు మా తాతయ్య దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, "మేస్త్రీగారూ, ఇక పూయమంటారా?" అని అనుమతి అడిగింది. ఆయన మీసం దువ్వుకుని, "ఊఁ, కానీ" అన్నాడు. లోకంలోని మిగతా ఆర్కిడ్లన్నీ ఆ తర్వాతే పూశాయి. నమ్మనివాళ్ళు మా వంటింటి కిటికీ దాకా వచ్చి మాట్లాడండి. వచ్చేటప్పుడు కాళ్ళు తుడుచుకుని రండి, అమ్మమ్మ ఊరుకోదు.

వీధిలో అందరూ ఆయన్ని మేస్త్రీ అంటారు. ఇళ్ళు కట్టే మేస్త్రీ కాదు, బేకరీలో బట్టీ మేస్త్రీ. మీసాలు మొలిచినప్పటి నుంచి మోకాళ్ళు మొరాయించేదాకా ఒకే బట్టీ ముందు నిలబడ్డాడు. ఆ బట్టీకి వెనక మూల వేడెక్కువ, ముందు తక్కువ. ట్రేని పెట్టినచోటే వదిలేస్తే బన్నులు ఒకవైపు మాడి, రెండోవైపు పాలిపోయి వస్తాయి. కాబట్టి తిప్పాలి. ఆయన తిప్పాడు. ఎంతగా తిప్పాడంటే ఇంటికొచ్చాక కూడా ఆ చేతులు ఆగేవి కావు. కంచం తిప్పేవాడు, కుర్చీ తిప్పేవాడు, చలికాలం ఎండలో కూర్చున్న పిల్లల్ని భుజాలు పట్టుకుని అటువైపు తిప్పేవాడు. మా అమ్మ పసిపిల్లగా ఉన్నప్పుడు ఎండలో పడుకోబెట్టి కాసేపటికోసారి బోర్లా తిప్పేవాడట. "నయం, వేగిందో లేదో పుల్ల గుచ్చి చూడలేదు" అంటుంది అమ్మమ్మ.

పని మానేసిన రోజు బేకరీ గల్లాపెట్టె పక్కన ఒక పూలకుండీ కనబడింది తాతయ్యకు. వంగిన కాడ మీద తెల్లటి పువ్వులు, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకల్లా వరసగా కూర్చుని ఉన్నాయి.

"ఇవాళే తెచ్చారా?" అని అడిగాడు.

"ఇవాళా? పూసి రెండు నెలలు దాటింది మేస్త్రీ. ఇంకా ఉంటాయి" అన్నాడు యజమాని.

తాతయ్య ఒక రేకను వేలితో మెల్లగా నొక్కి చూశాడు. ఆయన చేతుల్లోంచి వచ్చింది ఏదీ రెండు రోజులు నిలిచి ఎరగదు. పొద్దున కాల్చింది సాయంత్రానికల్లా జనం కడుపులో ఉండేది, మిగిలింది మర్నాటికి రస్కు అయ్యేది. తన చేతి మీదుగా తయారైంది ఒక్కటంటే ఒక్కటి నెలల తరబడి నిలబడితే కళ్ళారా చూడాలనిపించింది ఆయనకు.

నేరుగా మొక్కల నర్సరీకి వెళ్తే, అక్కడి ఆవిడ నిండుగా పూసిన ఆర్కిడ్ మొక్కను ముందుకు జరిపింది. తాతయ్య దాన్ని వెనక్కి జరిపాడు.

"ఎవరో కాల్చిన బ్రెడ్డు కొనుక్కెళ్ళి నేను కాల్చానని చెప్పుకోనా తల్లీ? పిల్లమొక్కలు ఉంటే చూపించు."

ఆవిడ చూపించిన పిల్లమొక్కల ఆకులు చిటికెనవేలి గోరంత ఉన్నాయి. "ఇవి పూయాలంటే మూడేళ్ళో నాలుగేళ్ళో పడుతుంది పెద్దాయనా. అదీ బతికితే."

"పిండి పొంగేదాకా కూర్చోవడమే నా ఉద్యోగమమ్మా. ఇది కాస్త మందకొడి పిండి, అంతేగా" అని ఓ అట్టపెట్టెలో సర్దించుకుని వచ్చాడు.

అసలు గొడవ ఇంట్లో మొదలైంది. మా ఇంట్లో పొద్దుటి వెలుగు వచ్చే కిటికీ ఒక్కటే, వంటింటిది. దాని కింద అమ్మమ్మ కుట్టుమిషను ఉండేది. వీధిలో సగం మంది జాకెట్లు ఆవిడ వదులు చేసినవే, మిగతా సగం బిగించినవే. ఆ వెలుగు లేకపోతే ఆవిడకు సూది బెజ్జం కనబడదు.

"పువ్వు పూసేదాకా కిటికీ ఇవ్వవోయ్" అన్నాడు తాతయ్య.

"పూయకపోతే?"

"పూస్తుంది."

"మీరు చెప్తే పూయడానికి అదేమన్నా బన్నా? నాలుగేళ్ళు ఇస్తాను. ఈలోపు పూసిందా, కిటికీ మీది. పూయలేదా, నా మిషను నా చోటికి వస్తుంది, మీ కుండీలు మెట్ల కిందికి పోతాయి."

మెట్ల కింద చీకటి. అక్కడ చీపురు తప్ప ఏదీ బతకదు. అయినా తాతయ్య, "రాసిస్తావా?" అన్నాడు దర్జాగా.

మిషను లోపలి గోడ దగ్గరికి, ట్యూబులైటు కిందికి వెళ్ళింది. సూదిలో దారం ఎక్కించే పని మనవరాలికి, అంటే నాకు, పడింది. బడి మధ్యలో మానేసి ఇంట్లో తిరిగే మనిషికి అంతకన్నా పెద్ద ఉద్యోగం ఎవరిస్తారు?

తాతయ్య మట్టి వాడలేదు. బెరడు ముక్కలు, కడిగిన బొగ్గు ముక్కలు కలిపి కుండీల్లో వేశాడు. మొదటి వర్షాకాలంలో ప్రేమ ఎక్కువై నీళ్ళు ఎక్కువ పోశాడు, కొన్ని కుళ్ళిపోయాయి. "రస్కు" అని వాటిని పక్కన పెట్టాడు, దిగులు మొహం ఎవరికీ చూపించలేదు. మిగిలినవాటి ఆకుల్ని పొద్దున్నే, బ్రెడ్డు ఉడికిందో లేదో చూసినట్టు, వేలితో నొక్కి చూసేవాడు. నొక్కి చూశాక ఒక్కో కుండీని కాస్త తిప్పేవాడు. అన్ని ఆకులకూ వెలుగు సమానంగా తగలాలి కదా! ఆకులు నిజంగానే నాలుగువైపులా సమానంగా పెరిగాయి. "చూశావా, తిప్పుడు మహిమ!" అని అమ్మమ్మకు రోజూ చెప్పేవాడు. ఆవిడ పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని ఉండేది కాబట్టి జవాబు చెప్పేది కాదు.

నాలుగో ఏడు చలికాలం వచ్చేసరికి ఒక మొక్క ఆకు సందులోంచి పచ్చటి మొన ఒకటి తొంగిచూసింది. తాతయ్య వీధంతా వినబడేలా "కాడ! పూలకాడ!" అన్నాడు. వారం తిరిగేసరికి అది కాడ కాదు, కుండీ బయటికి పాకే వేరని తేలింది.

"ఎంత బాగుందండీ మీ పువ్వు! వాసన కూడా వేరే!" అంది అమ్మమ్మ.

ఆ తర్వాత వచ్చింది మాత్రం కాడే. తాతయ్య దాన్ని ఇంకా శ్రద్ధగా తిప్పాడు. కాడ వెలుగువైపు వంగేది, ఆయన తిప్పేవాడు, అది మళ్ళీ మెడ తిప్పుకునేది, ఆయన మళ్ళీ తిప్పేవాడు. మొగ్గలు కట్టే వేళకు అది మరమేకులా మెలికలు తిరిగిపోయింది.

నర్సరీ ఆవిడ జాకెట్టు వదులు చేయించుకోవడానికి వచ్చి కిటికీ వైపు చూసింది. కొలతలిస్తూ ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"అయ్యో పెద్దాయనా, కుండీ తిప్పుతున్నారా! కాడ వచ్చాక కుండీని కదపకూడదండీ. పాపం దానికి వెలుగెటో తెలియక తికమకపడింది. ఇక మొగ్గలు నిలిచేదీ అనుమానమే."

తాతయ్య కుండీ మీంచి చేతులు తీసి వెనక కట్టుకున్నాడు. గడువు దగ్గరపడింది. మొగ్గలు రాలితే కుండీలు మెట్ల కిందికే.

మర్నాడు పొద్దున లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. తిప్పకూడదని మనసుకు తెలుసు, చేతులకు తెలియదు. అవి తమంతట తామే కుండీ మీదికి వెళ్ళాయి. కుండీ కదల్లేదు. చూస్తే, అమ్మమ్మ కుట్టుదారం నాలుగు పేటలు చేసి కుండీని కిటికీ ఊచలకు బిగించి కట్టేసింది. చెయ్యి తిరిగిన టైలరు ముడి, విప్పడం ఎవరి తరమూ కాదు.

"ఎందుకు కట్టావు? పూయకపోతే కిటికీ నీదేగా" అన్నాడు తాతయ్య.

"పందెం మొక్క మీద. మీ చేతుల మీద కాదు. పొండి, పోయి ఆ టీ గిన్నె తిప్పుకోండి."

ఒక మొగ్గ పచ్చబడి రాలింది. తాతయ్య దాన్ని చొక్కా జేబులో వేసుకుని తిరిగాడు. మిగతావి విచ్చుకున్నాయి. మెలికల కాడ కదా, ఒకటి కిటికీలోంచి బయటికి చూసింది, ఒకటి పొయ్యివైపు చూసింది, ఒకటి వెనక్కి తిరిగి లోపలి గోడ దగ్గరి ట్యూబులైటుకేసి చూసింది. అన్నీ లేతగులాబీ రంగు పువ్వులే.

నర్సరీ ఆవిడ జాకెట్టు తీసుకెళ్ళడానికి వచ్చి పెదవి విరిచింది. "పూశాయిలెండి. కానీ పోటీకి పెడితే నవ్వుతారు. పువ్వులన్నీ ఒకే వైపు చూడాలి."

మిషను ఆపకుండానే అమ్మమ్మ అందుకుంది. "ఒకేవైపు చూస్తే నాకేం కనబడేదమ్మా, వాటి వీపులా? నాలుగేళ్ళు ఈ గోడకు కూర్చున్నదాన్ని. ఒకటైనా నా మొహం చూడాలిగా."

కిటికీ తాతయ్యదే అయింది. మాట మాటే. పువ్వులు రెండు నెలలు దాటి నిలిచాయి. ఒక్కటీ రస్కు కాలేదు. చివరి పువ్వు వాడిన రోజు తాతయ్య బేకరీకి వెళ్ళి పాత ట్రే ఒకటి అడిగి తెచ్చి, కిటికీ ఊచలకు పైసగంలో అడ్డంగా బిగించి, కుండీలన్నీ దాని మీదికి ఎక్కించాడు. కింద ఖాళీ అయిన చోటికి మిషను లాక్కొచ్చి పెట్టాడు.

"ఈ బుద్ధి నాలుగేళ్ళ కిందట ఏమైందండీ?" అంది అమ్మమ్మ, సూదిలో తనే దారం ఎక్కించుకుంటూ.

"పొంగాలిగా మరి!" అన్నాడు తాతయ్య.

మనవరాలు ఇదంతా రాసి, మొదటి నుంచి చదివి వినిపించింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. కాగితం లాక్కుని ఒకసారి తిప్పి చూశాడు. మొదటి పేరా మీద వేలు పెట్టాడు.

"అది నన్ను అనుమతి అడగడమేంటే గడుగ్గాయ్? నాలుగేళ్ళు దాన్ని బతిమాలింది నేను. కొట్టేసి మళ్ళీ రాయి."