తేలిక బాడీ కారు, పరాయి రివిట్లు

మేస్త్రి చేతిలో దారం, దారం చివర గుడ్డలో చుట్టిన అయస్కాంతం. దాన్ని బానెట్ మీద అంగుళం అంగుళం జరుపుతూ ఎక్కడైనా లాగుతుందేమోనని చూస్తున్నాడు. లాగలేదు. డిక్కీ మూత మీద లాగలేదు. కుడి తలుపు మీదా లాగలేదు. ఎడమ తలుపు దగ్గరకు రాగానే అయస్కాంతం టప్పున అతుక్కుంది.

"ఈ తలుపు పరాయింటి పిల్ల," అన్నాడు.

షెడ్డు గుమ్మంలో నిలబడ్డ టీచరమ్మ మొహం వాడిపోయింది. "అంటే కారు అసలుది కాదా మేస్త్రీ?"

"తలుపు అసలుది కాదన్నానమ్మా. కారు సంగతి దాన్ని ఇంకా అడగలేదు."

అది అరవై ఏళ్ల కిందట ఇటలీలో తయారైన రెండు తలుపుల కూపే. అదే ఆకారంలో కంపెనీ మూడు రకాలు చేసింది. చిన్న ఇంజన్‌ది ఒకటి, పెద్ద ఇంజన్‌ది ఒకటి, పందేల కోసం చేసిన తేలిక బాడీది ఒకటి. మొదటి రెండూ నిలువెల్లా ఇనప రేకే. మూడోదానికి అస్థిపంజరం ఇనుమైనా తలుపులు, బానెట్, డిక్కీ మూత అల్యూమినియం. పక్కపక్కన నిలబెడితే కన్నతల్లి కూడా తడబడుతుంది. తేలిక బాడీవి తయారైందే తక్కువ గనక, మామూలు కారుకు అల్యూమినియం తలుపులు తగిలించి, చచ్చిన కారు నుంచి కంపెనీ బిళ్ల పీకి తెచ్చి బిగించే ఘనులూ ఉన్నారు. బిళ్లంటే ఇంజన్ వెనక గోడకు రివిట్లతో కొట్టి ఉండే చిన్న రేకు ముక్క. కారు రకం, నంబరు దాని మీదే ఉంటాయి.

టీచరమ్మ నాన్నది రేడియోల రిపేరు షాపు. ఎవరో వదిలించుకుంటున్న కారును తెచ్చుకుని బతికినన్నాళ్లూ దాన్నే నడిపాడు. ఇది తేలిక బాడీ అని కనబడ్డవాడికల్లా చెప్పేవాడు. "మళ్లీ మొదలెట్టాడ్రా కోతలు" అని స్నేహితులు నవ్వేవాళ్లు. ఆయన పోయాక కారు ఆ షెడ్డులోనే ఉండిపోయింది. ఇప్పుడు షెడ్డును కూల్చేస్తున్నారు, నెలాఖరుకి ఖాళీ చేయాలి. తేలిక బాడీ అని తేలితే ఆయన పేరు మీదే పెట్టుకుంటామని పాత వాహనాల మ్యూజియంవాళ్లు అన్నారు. తేలకపోతే దాన్ని అడుగుతున్నది ఒక్కడే, ముక్కలు చేసి స్పేర్ పార్టులుగా అమ్మేవాడు.

మ్యూజియం ఆఫీసరు ఒకసారి వచ్చి బిళ్ల మీద టార్చి వేసి చూసి పెదవి విరిచాడు. "కంపెనీ కొట్టిన రివిట్లకు తల సన్నగా, గుండ్రంగా ఉంటుంది. ఇవి చూడండి, బొత్తాల్లా ఉన్నాయి. ఈ బిళ్ల ఎక్కడో పీకి ఇక్కడ పెట్టింది. కాదంటారా, రెండు వారాల్లో రుజువు చూపించండి." ఆ మాట పట్టుకునే టీచరమ్మ మేస్త్రి దగ్గరకు వచ్చింది.

మేస్త్రి బడికెళ్లింది తక్కువ. మొదట వీధివీధి తిరిగి గిన్నెలకు పిడులు, అడుగులు వేసేవాడు. తర్వాత ఒక గ్యారేజీలో టింకరింగ్ పనికి చేరాడు. అక్కడ సొట్టలు తీస్తూ తీస్తూ రేకుల్ని మాట్లాడించడం నేర్చాడు. ఇటలీ భాష ఒక్క ముక్క రాదు. పార్టుల పుస్తకంలో బొమ్మల్ని భూతద్దం పెట్టి చూస్తాడు. సెలవు రోజున తుక్కు యార్డుకి పోయి పాత కార్లను విప్పి, వెల్డింగ్ చుక్కకూ చుక్కకూ ఎంత ఎడం, తలుపు బందు ఎక్కడ వంగింది అని నోటుపుస్తకంలో గీసుకుంటాడు. ఎవరైనా కారు గురించి గంటసేపు మాట్లాడితే ఓపిగ్గా విని, "సరే, ఇప్పుడు బానెట్ ఎత్తండి" అంటాడు.

రెండో రోజు ఇంజన్ వెనక గోడను థిన్నర్ గుడ్డతో తుడిచాడు. పైన బూడిద రంగు, కింద ఎరుపు, దాని కింద మళ్లీ బూడిద రంగు. రంగు పొరల అడుగున రేకులోకి గుద్దిన నంబరు బయటపడింది. బిళ్ల మీది నంబరూ అదీ ఒకటే.

"అయితే అయిపోయినట్టేగా!" అంది టీచరమ్మ.

"గుద్దిన నంబరున్న ముక్కను కోసి తెచ్చి అతికించే మహానుభావుల్ని చూశానమ్మా." గోడ అంచుల వెంట గోరుతో గీస్తూ పోయాడు. అతుకు లేదు. వెల్డింగ్ చుక్కలు నోటుపుస్తకంలో గీసుకున్నంత ఎడంలోనే ఉన్నాయి. గోడ అసలుదే, నంబరు అసలుదే. మరి సొంత బిళ్లని సొంత కారు నుంచి ఊడదీసి, పరాయి రివిట్లతో మళ్లీ కొట్టాల్సిన అవసరం ఎవడికొచ్చింది? అది అతనికి మింగుడుపడలేదు.

టీచరమ్మ ఒప్పుకున్నాక నాలుగు రివిట్లూ జాగ్రత్తగా డ్రిల్లు చేసి తీశాడు. బిళ్ల వెనక, తుప్పు పట్టకుండా పూసే ఎర్రటి ప్రైమరు ఎక్కడా కారకుండా, మూలమూలకీ అంది ఉంది.

"ఎవడోగాని పనిమంతుడమ్మా. కనబడని చోట ఇంత శ్రద్ధా!" అని మెచ్చుకున్నాడు.

ఒక రివిట్ తల కాగితంలో చుట్టుకుని ఇంటికి తెచ్చి, వంటింటి బల్ల మీద పెట్టి భూతద్దంలో చూస్తూ కూర్చున్నాడు. అతని భార్య టీ గ్లాసు పెడుతూ ఆగింది.

"నా పాలగిన్నె పిడి ఎప్పుడు ఊడింది?"

"పాలగిన్నె ఏమిటే? ఇది ఇటలీ కారుది."

"ఇటలీ లేదు గిటలీ లేదు." ఆవిడ గిన్నె తెచ్చి బోర్లించి రివిట్ పక్కన పెట్టింది. "తల మీద ఈ మూడు పలకలు చూడు. ఊళ్లో అందరూ గుండ్రంగా కొడితే, కదలకుండా ఉంటుందని మూడు దెబ్బల్తో పలక తీసేది నువ్వొక్కడివే. కొత్త కాపురంలో ఇంటినిండా ఇవే కదయ్యా, కాళ్లకి గుచ్చుకుని చచ్చాను."

మేస్త్రి ఒకసారి గిన్నెని, ఒకసారి కాగితాన్ని చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది.

గ్యారేజీలో చేరిన కొత్తలో ఎడమ పక్క నుజ్జయిన ఎర్ర కారు ఒకటి వచ్చింది. తలుపు పనికిరాదని అప్పటి కారు ఓనరు ఎక్కడిదో ఇనప తలుపు తెచ్చి వేయించాడు. ఇంజన్ గది రంగు పని ఇతనికి అప్పజెప్పాడు. బిళ్ల మీద టేపు అంటించి రంగు కొట్టేయడం అందరూ చేసే పని. కొత్త రంగు కింద పాత తుప్పుని వదలడానికి ఇతనికి చేతులు రాలేదు. బిళ్ల ఊడదీశాడు, వెనకంతా ప్రైమరు పూశాడు, పెట్టెలో ఉన్న గిన్నె రివిట్లతోనే మళ్లీ కొట్టాడు. అప్పట్లో అతనికి కారంటే ఎర్ర రంగు వేసిన రేకు, అంతే. ఏ దేశానిదో, ఏ రకమో ఎవరూ చెప్పలేదు, ఇతనూ అడగలేదు. తర్వాత ఎవరో దానికి బూడిద రంగు వేయడంతో చూసినా గుర్తుపట్టలేదు.

"పొద్దున్నించీ మెచ్చుకుంటున్న పనిమంతుడు తమరేనన్నమాట," అంది భార్య, విషయమంతా విని.

"నవ్వకే. శుభ్రంగా చేశాననుకున్న పనే ఇప్పుడు కారుని దొంగని చేసింది."

మర్నాడు టీచరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ ముందు నవ్వింది, తర్వాత కంగారు పడింది. "మీ రివిట్లే అని మీరే చెబితే వాళ్లు నమ్ముతారా? నేను చెప్పమన్నాననుకోరూ?"

"అనుకుంటారు. మామూలు కారు నంబరుతో దొంగ బిళ్ల చేయించి కొట్టారనీ అంటారు. అందుకే నా మాటతో పనిలేని సాక్ష్యం కావాలి."

తుక్కు యార్డులో ఒకసారి ఇలాంటి బాడీనే విప్పినప్పుడు చూసిన సంగతి అతని పుస్తకంలో ఉంది. ఈ రేకుల్ని చేత్తో సాపుచేసి ఒక్కో బాడీకి సరిపడేలా అమర్చేవాళ్లు. రంగుకి పంపేముందు విప్పినప్పుడు ఒకదాని తలుపు ఇంకోదానికి పోకుండా, బాడీ మీదా దాని రేకుల మీదా లోపలి వైపు పెన్సిలుతో బాడీ వరస నంబరు వేసేవాళ్లు. ప్రతి కారుకీ మిగిలి ఉంటుందన్న నమ్మకం లేదు. ఉంటే మాత్రం సీటు వెనకో, రేకు లోపల కప్పిన అట్ట వెనకో ఉండాలి.

వెనక సీటు తీసి అట్ట ఊడదీశాడు. దుమ్ము, తుప్పుపట్టిన జడపిన్ను ఒకటి. పిన్ను చూసి టీచరమ్మ, "ఇది నాది! పోగొట్టానని మా అమ్మ ఎంత తిట్టిందో!" అంది. మేస్త్రి దుమ్ము మీద ఊది, టార్చి పక్కగా పట్టాడు. బూడిద రంగు ప్రైమరు మీద సన్నటి పెన్సిలు గీతలు. పదిహేడు. ఒకటికి పొడుగాటి ముక్కు, ఏడుకి నడుం మీద అడ్డగీత.

"ఇక్కడివాళ్లెవరూ ఏడుని ఇలా వేయరు," అన్నాడు మెల్లగా.

బానెట్ లోపలి అట్ట తీస్తే అక్కడా పదిహేడు, అదే చేతిరాత. డిక్కీ మూత లోపల పదిహేడు. కుడి తలుపులో అంకెలు సగం చెరిగిపోయినా అడ్డగీత మిగిలే ఉంది. ఎడమ తలుపు లోపల మాత్రం ఏమీ లేదు. అక్కడ లేకపోవడం చూసే మేస్త్రి ఎక్కువ సంతోషించాడు. ఎవడైనా ఈమధ్య కూర్చుని పెన్సిలుతో మోసం చేసుంటే ఈ తలుపు మీదా రాసి ఉండేవాడు కదా.

రెండు పేజీల నివేదిక తనే రాశాడు. ఏది ఎక్కడ ఉంది, ఎంత మందం, ఏ పొర కింద ఏ రంగు. బిళ్లని తను ఊడదీసి మళ్లీ కొట్టిన సంగతి మొదటి పేజీలోనే పెట్టాడు.

"అది రాయకుండా ఉంటే నష్టమేముంది మేస్త్రీ? పెన్సిలు నంబర్లు చాలవూ?" అని టీచరమ్మ అడిగింది.

"నేను రాయకపోతే ఆ రివిట్లు రేపు ఇంకొకరితో అబద్ధం చెబుతాయమ్మా."

గడువుకి రెండు రోజుల ముందు ఆఫీసరు వచ్చాడు. నివేదికను ముందు నిలబడి చదివాడు, తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని చదివాడు. సీటు వెనక దూరి పెన్సిలు నంబర్లు చూసి, మోచేతుల నిండా దుమ్ముతో బయటకొచ్చాడు.

"మీరేమనుకోకపోతే ఒకటడుగుతాను మేస్త్రీ. అందరిలా టేపు అంటించి ఉంటే ఈ గొడవ ఉండేది కాదుగా?"

"ఉండేది కాదు సార్. మీరు చదవడానికి బిళ్ల కూడా ఉండేది కాదు. తుప్పు తినేసేది."

ఆఫీసరు తలాడించి, మ్యూజియం రసీదు పుస్తకం తీసి బానెట్ మీద పెట్టబోయాడు. మేస్త్రి చేయి అడ్డం పెట్టాడు. "మెత్తని రేకు సార్, సొట్ట పడుద్ది." ఆయన పుస్తకం మోకాలి మీద పెట్టుకుని రాశాడు. రకం, తేలిక బాడీ. బాడీ వరస నంబరు, పదిహేడు. ఇచ్చినవారు అన్నచోట టీచరమ్మ వాళ్ల నాన్న పేరు.

రసీదు మేస్త్రి చేతికొచ్చింది. వేలు పెట్టి చదివి వెనక్కి ఇచ్చాడు. "ఎడమ తలుపు ఇనపదని కూడా వేయండి."

"అదెందుకండీ, మీ నివేదికలో ఉందిగా?"

"నివేదిక బీరువాలో ఉంటుంది. జనం చూసేది కారుని."

ఆఫీసరు ఆ ముక్క కూడా రాసి సంతకం చేశాడు. టీచరమ్మ తాళంచెవి అందించింది. మేస్త్రి చెప్పినట్టే, ట్రాలీతో వచ్చిన మ్యూజియం మనుషులు నలుగురూ ఎక్కడా రేకు మీద చేయి వేయకుండా, ఇనప ద్వారబంధాలు పట్టుకుని కారును ట్రాలీ మీదికి తోశారు.