ఎనిమిది రెండయిన వైనం

ఆనకట్టల కార్యాలయంలో నీటి లెక్కల ప్రోగ్రాము చూసే ఆయన్ని అందరూ ఎనిమిదిగారు అనేవారు. ఫోర్‌ట్రాన్ అనే కంప్యూటర్ భాషలో ఒక సంఖ్యను ఎక్కువ అంకెల వరకూ పట్టుకోవాలంటే అది ఏ రకమో నంబరుతో చెప్పాలి. రాసినదాన్ని మిషను భాషలోకి మార్చే కంపైలర్ ఒకటుంటుంది. ఆయన వాడే కంపైలర్‌లో ఆ నంబరు 8. ప్రోగ్రాములో అడుగడుగునా అదే రాసి పెట్టాడు.

ఆయన పైఅధికారి స్వయానా భార్యకు అక్క. ఆఫీసులో మేడమ్, ఇంట్లో వదిన.

“ఆ నంబరు ఒక్కచోట రాసి, దానికో పేరు పెట్టుకో మరిదీ. మిగతాచోట్ల పేరు వాడు” అని ఆవిడ రెండుచోట్లా చెప్పేది. ఆయన రెండుచోట్లా తలూపేవాడు.

కొత్త మిషను వచ్చింది. దాని కంపైలర్ 8వ రకం తనకు తెలియదంది. అక్కడ అదే రకాన్ని 2 అంటారట. ఆయనేమీ కంగారు పడలేదు. 8 ఉన్నచోటల్లా 2 పెట్టమని కంప్యూటర్‌లోని ఎడిటర్‌కు చెప్పి టీకి వెళ్లాడు. తిరిగొచ్చి ప్రోగ్రాము నడిపాడు. బయట ఎండ మండిపోతోంది.

“మేడమ్, వరదొచ్చింది.”

“ఎక్కడ?”

“లెక్కలో.”

ఆవిడ లేచొచ్చి తెర చూసింది. “మన ఆనకట్టకు తలుపులెన్ని?”

“ఎనిమిది.”

“ఇక్కడ రెండే ఉన్నాయేం? భూమ్యాకర్షణ కూడా తగ్గించావే! 9.81 పోయి 9.21 అయింది.”

ఇంటికెళ్లగానే భార్య అడిగింది. “అక్క ఏమంది?”

“ఏమీ అనలేదు.”

“అయితే గట్టిగానే అందన్నమాట.”

మర్నాడు పాత ప్రతి తెచ్చుకుని, మొదట్లో మాడ్యూల్ అనే ఒక చిన్న విడి భాగం రాశాడు. కనీసం పదిహేను అంకెలు నిలిచే రకం ఏదైతే అదివ్వమని, దాని నంబరేదో కంపైలర్‌నే చూసుకోమని అందులో అడిగాడు. దానికో పేరు పెట్టి, ఒక్కో వరుసా తన కళ్లతో చూసుకుంటూ మార్చాడు. అయినా పాత, కొత్త మిషన్ల జవాబులు అనుకున్నంత దగ్గరగా రాలేదు. 0.1 లాంటి సంఖ్యల్ని ఆ పేరు తగిలించకుండా రాస్తే తక్కువ అంకెలకే తెగిపోతున్నాయని తేలింది. వాటన్నిటికీ తోక తగిలించేసరికి మెడ పట్టేసింది. జవాబులు కలిశాయి.

“బాగుంది” అంది వదిన. అంతకుమించి ఆవిడ ఎవర్నీ మెచ్చుకోగా ఎవరూ వినలేదు.

కొన్నాళ్లకు మరో మిషను వచ్చింది. ఆయన జలుబుతో సెలవులో ఉన్నాడు. సాయంత్రందాకా ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరూ పిలవలేదు. ఒక్క అంకె మార్చకుండానే ప్రోగ్రాము దాని మానాన అది నడిచిందట. ఆ సంగతి భార్య చెబితే సంతోషించాల్సిందే గానీ, ఆయన ముఖం గోడవైపు తిప్పుకుని పడుకున్నాడు.