పచ్చి కర్ర నిచ్చెనలు

ఆ వీధిలో అందరూ ఆవిణ్ణి నిచ్చెనలక్క అనేవారు. భర్త పోయాక మూతబడుతుందనుకున్న నిచ్చెనల కార్ఖానాని మరిదిని తోడు పెట్టుకుని నిలబెట్టింది. మనిషి పొట్టి, నోరు గట్టి. ఆదివారం చర్చిలో ఆవిడ పాట ఎత్తుకుంటే వెనక బెంచీల వాళ్ళకి కునుకు పట్టేది కాదు.

ఒకసారి వానల్లో పని మీద పని వచ్చిపడింది. ఎండిన కలప దొరక్క, పచ్చి కర్రతోనే ఒక విడత నిచ్చెనలు చేసి అమ్మేశారు. ఎండలు మొదలయ్యాక, మిగిలిపోయిన నిచ్చెన ఒకటి గోడకి ఆనించబోతే మెట్టు గిర్రున తిరిగింది. కర్ర ఎండి బిగువు వదిలేసింది. అంటే బయటికెళ్ళినవన్నీ అంతే!

"ఎవరైనా వచ్చి అడిగితే చూద్దాంలే వదినా," అన్నాడు మరిది. "మనమే చాటింపు వేసుకుంటే రేపు మన గడప ఎవరు తొక్కుతారు?"

ఆ మాట ఆవిడకీ నచ్చింది. మర్నాడు పొద్దున్నే వంటింట్లో మోకరించి, "ప్రభువా, వాటి మీంచి ఎవరూ పడకుండా నువ్వే చూసుకో," అని ప్రార్థన మొదలుపెట్టింది. ఆమెన్ అనబోయి ఆగిపోయింది. నా చేతులతో చెయ్యాల్సిన పని ఆయన నెత్తిన పెడుతున్నానేంటి అనిపించింది. సిగ్గేసింది. పొయ్యి మీద పాలు దించేసి, చెప్పులేసుకుని మరిదిని లేపింది. అతను గొణుక్కుంటూనే, నిచ్చెనలు కొన్నవాళ్ళ ఇళ్ళకి వ్యాను తీశాడు.

మొదటి ఇంటి దగ్గర రంగులేసేవాడు నిచ్చెన మీద, దాదాపు పైకప్పు ఎత్తులో ఉన్నాడు.

"నాయనా, కాస్త దిగు," అంది ఆవిడ.

"ఎందుకమ్మా? రోజూ దీని మీదే కదా నా బతుకు!"

"దిగాక చెప్తా. మెట్టు మెట్టూ చూసుకుని దిగు."

విసుక్కుంటూ దిగాడు. ఆవిడ నిచ్చెనని పడుకోబెట్టి, అతను నిలబడ్డ మెట్టు పట్టి తిప్పింది. ఊడి చేతికొచ్చింది.

"తప్పు మాదే. పచ్చి కర్ర వాడాం. కొత్తది చేసిస్తాం."

రంగులేసేవాడు తలెత్తి పైకప్పు కేసి చూశాడు. మరిది మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆ తర్వాత ప్రతి ఇంటి తలుపూ ముందుగా కొట్టింది అతనే.

కొందరు మంచినీళ్ళిచ్చారు, కొందరు గడ్డి పెట్టారు. ఒక పెద్ద షాపు యజమాని ఇక మీ సరుకే వద్దన్నాడు. ఆ ఏడాది ఇంట్లో పులుసు నీళ్ళలా ఉండేది. అయినా ఆవిడకి కంటినిండా నిద్ర పట్టేది.

మెల్లగా రంగుల పనివాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. "మీరు చెప్పకపోయుంటే మావాడు మంచాన పడేవాడు," అనేవారు.

ఒకరోజు కొనడానికొచ్చినాయన తొందరపడుతుంటే, మరిది నిచ్చెనకి అడ్డంగా నిలబడ్డాడు.

"జిగురు ఇంకా ఆరలేదండీ. ఎల్లుండి రండి."

"పర్లేదయ్యా, ఎక్కేది నేనేగా!"

"అందుకే ఇవ్వట్లేదు," అన్నాడు మరిది.

లోపల చిత్రిక పడుతున్న నిచ్చెనలక్క ఒక్క క్షణం చెయ్యి ఆపి, నవ్వుకుని, మళ్ళీ పనిలో పడింది.